రెండో వైపు మొదటి పాట

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళంతా అంటారు. కాదనను. కాశీబుగ్గ బజారులో పొద్దున్న విన్న మాటని మధ్యాహ్నానికల్లా టెక్కలి దాకా చేరవేసే రకాన్ని నేను. అలాంటివాణ్ణి పోయిన ఏడాది వేసవిలో ఒక్క మాటని నోట్లో పెట్టుకుని ఆరు నెలలు మోశాను. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. తర్వాత చెప్పడం మంచిదయిందో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జీడితోటల్లో పిక్కలు రాలడం అప్పుడే మొదలైంది. మార్చి మొదటివారం. కంచిలికి ఆరు కిలోమీటర్ల అవతల మా కృష్ణవేణి అక్క వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఏటా ఆ రోజుల్లో వెళ్తాను. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు పిక్కలు ఎండబెట్టే కళ్ళం మీద మేస్త్రీగా చేశాను కాబట్టి, వాళ్ళ పిక్కలు ఎండాయో లేదో నేను చూసి చెప్తేగానీ అక్క బస్తాలకి ఎత్తనివ్వదు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తే చాలు, లోపల తడి ఎంత ఉందో చెప్పేస్తాను. జీవితంలో నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

ఆ మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. భుజానికి సంచీ తగిలించుకుని ఒక కుర్రాడు దిగాడు. "పైడిరాజు గారి ఇల్లు ఇదేనాండీ? ఖరగ్‌పూర్‌లో డ్రమ్స్ వాయించిన పైడిరాజు గారు?" అని అడిగాడు.

మా బావ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఆయన చెవిన పడి యాభై ఏళ్ళయింది.

కుర్రాడి పేరు ఫణిశంకర్. విశాఖపట్నం వాడు. పాత రికార్డుల్ని మళ్ళీ కొత్తగా వేసే బొంబాయి కంపెనీలో పని. బావ వయసులో ఉన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేశాడు. అక్కడి క్వార్టర్స్ కుర్రాళ్ళు నలుగురు కలిసి 'లోకో షెడ్' అని పేరు పెట్టుకుని వాయించేవారు. డెబ్భై మూడు చివర్లో కలకత్తా వెళ్ళి ఒక పెద్ద రికార్డు చేశారు. 'రెడ్ సిగ్నల్' దాని పేరు. అది మార్కెట్లోకి వచ్చిన నాలుగు నెలలకే రైల్వే సమ్మె వచ్చింది, బావ ఉద్యోగం ఊడింది, ఇంటికొచ్చి కొబ్బరితోట చూసుకున్నాడు. తర్వాత మళ్ళీ రమ్మన్నా వెళ్ళలేదు. వాయించడం మానేసి, చిన్నప్పటి నుంచీ తనకే అనుకున్న మా అక్కని చేసుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ఇప్పుడు లేరని ఫణిశంకర్ చెప్పాడు.

"హార్డ్ రాక్ అంటామండీ దాన్ని. మన దేశంలో అలాంటి రికార్డు అప్పట్లో నాలుగో ఐదో వచ్చాయి. దీని కోసం జర్మనీలో, జపాన్‌లో ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు అమ్మా," అన్నాడు అక్కతో.

"ఎందుకు బాబూ? ఆలకి పనుల్నేవేటి?" అంది అక్క.

బావ గట్టిగా నవ్వాడు. డయాలసిస్ మొదలైన దగ్గర నుంచి ఆయన అంత గట్టిగా నవ్వగా నేను చూడలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సోమవారం, గురువారం ఆయన పలాస వచ్చి మంచం ఎక్కడం, అక్క పక్కన స్టూలు మీద కూర్చోవడం, నేను ఇడ్లీ పొట్లం పట్టుకెళ్ళడం, రెండేళ్ళుగా అదే మా పంచాంగం.

"రెండో వైపు మొదటి పాటలో ఒక దరువు ఉందట కదండీ. వినమని పాతవాళ్ళు రాశారు గానీ మాకు సరిగ్గా వినపడలేదు. అది ఎక్కడిదండీ?" అని అడిగాడు ఫణిశంకర్.

"ఎక్కడిదేటి బాబూ, మన తప్పెటగుళ్ళ దరువే. సిన్నప్పుడు ఆల ఎనకాల ఊళ్ళంట తిరిగీవోణ్ణి. గిటారు వాయించీవోడు మద్దెలో ఆగిపోయి, రాజూ, నువ్వొక్కడివే కాసేపు వాయించు అన్నాడు. నాకు సేతికి అదే వచ్చింది," అన్నాడు బావ. తర్వాత అక్క వైపు ఓరగా చూశాడు. "ఆ పాటలోనే బాబూ, దీని పేరున్నాది. దరువు ఆపీముందు ఏదోటి అరవమన్నారు. వేణీ అని అరిసేను."

"మొదలెట్టేడు," అంది అక్క. "యాబై ఏళ్ళ బట్టీ ఇదే కోత బాబూ. పెళ్ళైన కొత్తలో నమ్మీసేను. ఏదీ ఇనిపించు బావా అంటే, ఇక్కడి మిషన్లు మంచివి కాదే, గీతలడిపోతాయి అన్నాడు. పెట్టిలో పెట్టి తాళమేసేడు. అంతే, ఈరోజు దాకా ఆ పాట నేదు, ఆ పేరు నేదు."

కోప్పడుతున్నట్టే అంది గానీ ముఖం మాత్రం వేరేగా ఉంది. మా అక్కకి అరవై తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఈ ఊరూ పుట్టిన ఊరూ తప్ప మరో ఊళ్ళో పట్టుమని పది రోజులున్నది లేదు. ఎక్కడో కలకత్తాలో, పెద్ద మిషన్ల ముందు, పాతికేళ్ళ కుర్రాడు తన పేరు అరిచాడన్నది నిజమైతే బాగుండునని ఆమెకి ఎంత ఉందో అప్పుడు తెలిసింది నాకు.

తన పెట్టెలోని కాపీ మీద ముల్లు ఒక్కసారి కూడా పెట్టలేదని బావ చెప్పేసరికి ఫణిశంకర్ నిలబడిపోయాడు. కలకత్తాలో అసలు టేపులు ఎప్పుడో పోయాయట. తన దగ్గర రెండే రెండు కాపీలున్నాయి, రెండూ అరిగిపోయాయి. రెండో వైపు మొదటి పాట దగ్గర రెంటిలోనూ ముల్లు నిలబడదు, జారి అవతలకి పోతుంది.

"ఈ కాపీ ఉంటే మీ రికార్డు మొత్తం బతుకుతుందండీ. నేను ఇలా పట్టుకెళ్ళను. మంచి మిషను తీసుకుని వస్తాను. మీ ముందే పెడతాను. అమ్మ వింటూ ఉంటే మేం ఎక్కించుకుంటాం," అన్నాడు.

కరెంటు సరిగ్గా ఉండే చోటు కావాలన్నాడు కాబట్టి పలాసలో మా ఇంట్లో అనుకున్నాం. ఏప్రిల్ మూడో వారంలో ఒక శుక్రవారం. ముందురోజు గురువారం డయాలసిస్ అయ్యాక బావా అక్కా మా ఇంట్లోనే పడుకునేటట్టు మాట్లాడుకున్నాం.

ఆ గురువారం అక్క ఆసుపత్రికి కొత్త చీర కట్టుకొచ్చింది. "రేపటికి కట్టుకోవలసింది గదక్కా," అంటే, "రేపటికి యేరేదుంది," అంది. బావ మంచం మీద పడుకుని నాకేసి కన్ను గీటాడు. ఎడమ చెయ్యి సూదులతో కదలకుండా ఉంది. కుడిచేత్తో నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, "దానికి నమ్మకం కుదిరిందిరా. రేపు ఇన్నాక ఏటంటదో సూడాల," అన్నాడు. ఆయనకి అంతకంటే ఏమీ అక్కర్లేదని నాకు బాగా అర్థమైంది. జర్మనీ వాళ్ళూ జపాన్ వాళ్ళూ ఆయన లెక్కలో లేరు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అక్క మందులు తేవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. మా ఆవిడ నందిగాంలో కూతురి పురుడికి వెళ్ళింది. ఇంట్లో నేనూ బావా. ముందురోజు డయాలసిస్ చేయించుకున్న మనిషి కాబట్టి ఆయన లోపల నీరసంగా పడుకున్నాడు. ఫణిశంకర్ రెండు గంటల బండికి వస్తానన్నాడు.

"ఒరే పాపారావూ, ఆ రికార్డు తీసి మెల్లగా తుడిసి ఉంచు. ఆ కుర్రోడొచ్చీసరికి శుబ్రంగా ఉండాల," అని బావ అటు తిరిగి పడుకున్నాడు.

ఊరి నుంచి చుట్టి తెచ్చిన తువ్వాలు మడతలు విప్పి, అట్టలోంచి రికార్డుని బయటికి తీశాను. నల్లగా, పళ్ళెమంత. దాని మీద తెల్లటి బూజు. తిత్లీ తుపానులో వాళ్ళ ఇంటి పైకప్పు లేచిపోయి పెట్టెలోకి నీళ్ళు దిగాయి, అప్పటిది అయి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచాను. బూజు పోయింది గానీ, సన్నటి గీతల్లో తడి నిలబడిపోయింది.

ఇక్కడే నా చదువు నా కొంప తీసింది. ముప్పై రెండేళ్ళు నేను నేర్చుకున్నదీ, పదిమందికి నేర్పిందీ ఒకటే మాట. బూజుకి ఎండే మందు. పిక్కలో తడి ఉంచావా, లోపల పప్పు నల్లబడిపోతుంది. వానకి తడిసిన బస్తాలెన్నింటినో కళ్ళం మీద పరిచి కాపాడినవాణ్ణి. ఒక్క గింజ పాడైందన్న మాట పడలేదు. ఆ తడి రికార్డుని అలాగే అట్టలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. మేడ మీదకి పట్టుకెళ్ళి, శుభ్రమైన గోనెపట్టా పరిచి, దాని మీద పడుకోబెట్టాను. అరగంటకి రెండోవైపు తిప్పాను. ఆరిపోయింది. తీసేద్దామనుకుంటుండగా ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన మోహన్ ఫోను చేశాడు. ఈ ఏడు పిక్క ధర ఎలా ఉంది, ఎవరు ఎంతకి కొన్నారు అని మొదలైంది. నాకు అంతకంటే ఏం కావాలి. నీడలోకి దిగి గుమ్మంలో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను.

మళ్ళీ మేడెక్కేసరికి పన్నెండు కావస్తోంది. గోనెపట్టా మీద రికార్డు సగం కాలిన అప్పడంలా అంచులు లేచి వంకర్లు తిరిగిపోయి ఉంది.

మొదట నాకు అర్థం కాలేదు. అంత గట్టి వస్తువు ఎండకి వంగుతుందని నాకెవరు చెప్పారు? చేత్తో నొక్కితే మెత్తగా దిగింది, వదిలితే మళ్ళీ లేచింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని కిందికి దిగాను. బావ అప్పటికి లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా చేతిలోది చూశాడు. ఆయన ఒళ్ళో పెట్టేసి కింద కూర్చుండిపోయాను.

బావ వేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. లేచిన చోట ఆగాడు, పడిన చోట ఆగాడు.

"ఎంతసేపు పెట్టేవురా?"

"రెండు గంటలు బావా. బూజు పట్టిందని..."

"పిక్కలకైతే సరిపోద్ది," అన్నాడు బావ. చిన్నగా నవ్వాడు కూడా.

నేను ఏడ్చాను. ఆయన తిట్టి ఉంటే అంత ఏడ్చేవాణ్ణి కాదు. "రెండో వైపు మొదటిది అంచు మీదే ఉంటదిరా," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. అప్పుడే గేటు చప్పుడైంది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "కళ్ళు తుడుసుకో. నోరు ముయ్యి," అన్నాడు.

అక్క మందుల సంచీతో లోపలికి వచ్చింది. నిన్న చెప్పిన వేరే చీర కట్టుకుని ఉంది. బావ ఒళ్ళోకి చూసింది.

"ఏటిది?"

"బూజు పట్టిందే. ఎండలో పెట్టేను. ఇలగయిపోద్దనుకోనేదు," అన్నాడు బావ.

"నువ్వా?"

"నానే."

నేను అక్కడే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్క సంచీ బల్ల మీద పెట్టింది. చాలాసేపు ఆ రికార్డుని చూసింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"పేరు నేదు. ఉంటే గదా. ఆ కుర్రోడు ఈరోజు మిషను మీద పెడితే నీ కోత బయటపడిపోద్దని ఎండలో పడీసేవు. యాబై ఏళ్ళు తాళమేసి దాసినోడివి, ఈ పూటే నీకు బూజు కనిపించిందేటి?"

బావ కళ్ళలోకి నేను చూడలేకపోయాను.

"నాకు సెప్పవలసింది. ముచ్చటకి అన్నానే అంటే నవ్వీసి ఊరుకుందును. నలుగుర్లో నన్నిలగ కొత్త కోక కట్టించి కూకోబెట్టేవు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనతో మాటలు మానేసింది.

రెండు గంటలకి ఫణిశంకర్ వచ్చాడు. రికార్డుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి నేల మీద చతికిలపడ్డాడు. అయినా ప్రయత్నం చేశాడు, పాపం. అంచు మీద ముల్లు పెట్టగానే ఎగిరి అవతల పడింది. లోపలి పాటలు కొంచెం మూలుగుతూ వచ్చాయి. అంచు మీది మొదటి పాట మాత్రం రెండు వైపులా రాలేదు. ఒకటో వైపుది తన కాపీల్లో బాగానే ఉందన్నాడు. రెండో వైపు మొదటిదాన్ని వదిలేసి మిగతా పాటలతో వేస్తామన్నాడు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

సోమవారం ఆసుపత్రిలో కూడా అక్క స్టూలు మీద కాక గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది. బావకి నీళ్ళు కావాలంటే నాకు సైగ చేసింది. నేను ఇక ఆగలేకపోయాను.

"బావా, నాను సెప్పీస్తాను. నీమీద ఇంత నింద నాను సూడనేను," అన్నాను.

"సెప్పకు."

"అదేటి బావా?"

"ఒరే, దానికి నామీద కోపం కొత్తేటి? నలబై తొమ్మిదేళ్ళ బట్టీ అలవాటే. పది రోజులుంటది, పోద్ది. నీమీద వస్తే పోదు. అమ్మ నేదు, నాన్న నేడు. నాను ఎన్నాళ్ళుంటానో నీకూ తెలుసు. నా తరవాత దానికి పుట్టిల్లంటే నువ్వొక్కడివే గదరా. అది కూడా పోతే ఎక్కడికెల్తాది?"

"మరి ఆ పేరు బావా... నువ్వు అబద్దమాడేవనుకుంటంది."

"అదొక్కటే బాదరా," అన్నాడు. "మెల్లగా నానే సెప్పుకుంటాను. కోపం తగ్గనీ."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు తేలిక కూడా అయింది. ఆ మాట దాచడం ఎందుకు, బావ చెప్పొద్దన్నాడన్న వంక దొరికాక లోపల ఎక్కడో హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. దానికి నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

గురువారం కూడా అలాగే గడిచింది. శనివారం పొద్దున్న ఏడున్నరకి అక్క వాళ్ళ ఊరి నుంచి ఫోను వచ్చింది. బావ నిద్రలోనే పోయాడు. శుక్రవారం నుంచి శనివారానికి లెక్కేస్తే సరిగ్గా ఎనిమిది రోజులు. ఆయన మెల్లగా చెప్పుకుంటానన్నది చెప్పుకోనే లేదు.

పదకొండో రోజున పుట్టింటి బట్ట పెట్టింది నేనే. అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వున్నావు గదరా తమ్ముడూ," అంది. నేను తల ఊపాను. ఆ ఎండాకాలమంతా వారానికోసారి వెళ్ళి ఆమె పిక్కలు ఎండబెట్టాను, బస్తాలకెత్తాను, బేరం కుదిర్చాను. బావ అనుకున్నట్టే అంతా జరుగుతోంది కదా అని సరిపెట్టుకున్నాను.

అక్టోబరులో ఫణిశంకర్ వచ్చాడు. ఈసారి నేరుగా అక్క వాళ్ళ ఊరికే, మిషను మోసుకుంటూ. నేను కూడా వెళ్ళాను. కొత్త రికార్డు దళసరి అట్టలో ఉంది. లోపల కాగితం మీద బావ ఫోటో వేశారు. జుట్టు భుజాల దాకా, చొక్కా గుండీలు సగం విప్పి, చేతుల్లో పుల్లలు. కింద ఆయన పేరు, ఆ కింద ఉద్దానం అని మా ప్రాంతం పేరు. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫోటోని చాలాసేపు చూసింది.

"ఎయ్యి బాబూ," అంది.

వేశాడు. మొదట నాకు అది పాటలా వినపడలేదు. గూడ్సుబండి వంతెన మీద పోతున్నట్టుంది. కాసేపటికి దాని కింద ఒక దరువు వినిపించింది. పరుగెత్తదు, తొట్రుపడదు. మిగతా ముగ్గురూ ఎటు పోయినా మళ్ళీ దాని దగ్గరికే వచ్చి చేరుతున్నారు.

"అదేనా?" అంది అక్క.

"అదేనమ్మా. ఆ డ్రమ్సన్నీ ఆయనే," అన్నాడు ఫణిశంకర్.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. మొదటి వైపు అయ్యింది. రెండో వైపు తిప్పాడు. అదీ అయ్యింది. మిషను ఆగాక ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో కోపం ఏమీ లేదు.

"మొదటిది ఎయ్యనేదు గదా బాబూ. ఎలగుంటది? ఎండలో పడీసేడు మహానుబావుడు, అబద్దం బయటపడిపోద్దని. పోనీలే. ముచ్చట పడి సెప్పుకున్నాడు. పెళ్ళాన్ని సంతోసపెట్టాలని ఆడిన అబద్దమే గదా," అంది.

ఫణిశంకర్ తల దించుకున్నాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె క్షమించేసింది. చెయ్యని తప్పుకి క్షమించింది. నేను నోరు మూసుకుని ఉంటే అక్కతో నా రాకపోకలు అలాగే సాగిపోతాయి. ఆ కాగితం మీద నవ్వుతున్న మనిషి మాత్రం ఆమె మనసులో అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు. ఆ క్షణంలో నేనేమీ ఆలోచించి తేల్చుకోలేదు. తట్టుకోలేకపోయాను, అంతే.

"అక్కా, ఎండలో పెట్టింది బావ కాదు. నాను."

ఆమె నా వైపు తిరిగింది. మొత్తం చెప్పాను. తడిగుడ్డ, గోనెపట్టా, మోహన్ ఫోను, ఆసుపత్రి మంచం మీద బావ అన్న మాట, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె నన్ను చూడలేదు, నేలకేసి చూస్తూ వింది.

"అయితే ఆయన కావాలని పాడుసెయ్యనేదు," అంది.

"నేదక్కా."

"అయితే నా పేరు ఉన్నాదన్నమాట."

"ఉన్నాదక్కా. ఆ రోజు నీకు ఇనిపించాలని ఎంత ఆశపడ్డాడో."

ఆమె ముఖం వెలిగింది. నిజంగానే వెలిగింది, నేను చూశాను. కాగితం మీద బావ ఫోటోని అరచేత్తో ఒకసారి నిమిరింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎనిమిది రోజులు నాను మాటాడనేదు గదరా," అంది.

ఫోటో మీది నుంచి చెయ్యి తీసేసింది.

"ఆ పొద్దున్న టీ పెట్టి పట్టుకెల్లేను. మంచం కాడ గళాసు టక్కుమని పెట్టీసి వచ్చీసేను. రోజూ బావా, లెగు అని లేపీదాన్ని. ఆ ఎనిమిది రోజులూ గళాసు సప్పుడుతోనే లేపేను. ఆ రోజు గళాసు అలాగే ఉండిపోయింది. అరగంట ఆగి ఎల్లి సూసేను. ఆయనకీ కోపమొచ్చిందేమో అనుకున్నాను. పిలవనేదు. అప్పటికి ఊపిరుందో నేదో నాకు తెల్దు. మళ్ళీ వచ్చీసి గిన్నెలు తోముకున్నాను."

ఫణిశంకర్ లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"అన్ని రోజులూ నీకు తెలుసు," అంది అక్క నాతో.

"తెలుసక్కా."

"ఆసుపత్రిలో నాను బయట బెంచీ మీద కూకున్నప్పుడూ తెలుసు."

"తెలుసు."

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే ఆమె కాళ్ళ మీద పడదామనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వెల్లు," అంది. తర్వాత ఫణిశంకర్ వైపు తిరిగి, "మళ్ళీ ఎయ్యి బాబూ, మొదట్నుంచీ," అంది.

నేను వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకున్నాను. లోపల బావ వాయించడం మొదలుపెట్టాడు. కంచె అవతల, కొబ్బరి మొదలు దగ్గర నిలబడి ఒక వైపు అయ్యేదాకా విన్నాను, రెండో వైపు కూడా అయ్యేదాకా విన్నాను. లోపలి నుంచి నన్నెవరూ పిలవలేదు.